సందెపూట ఏడుపు, పాల మీద నింద



పొద్దు గూకే వేళకు హైదరాబాద్ గౌలిగూడలో ఏ గల్లీలోకి తిరిగినా ఎక్కడో ఒక ఇంట్లోంచి చంటిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది. పుత్లీబౌలి చౌరస్తాలో ఆటోల హారన్లు, ఉస్మాన్‌గంజ్ వైపు నుంచి సరుకు బండ్ల చప్పుడు, గుడిలో హారతి గంట. వీటన్నిటినీ దాటుకొని ఆ ఏడుపు బయటికొస్తుంది. లోపల తల్లి బిడ్డకు రొమ్ము అందిస్తూ ఉంటుంది. బిడ్డ రెండు గుటకలు వేసి వదిలేస్తుంది, వెనక్కి విరుచుకుంటుంది, కాళ్లతో తంతుంది, అంతలోనే మళ్లీ నోరు తెరిచి వెతుక్కుంటుంది. అయిదు నిమిషాలు ఇలా గడిచాయో లేదో, ఇంట్లో ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. "దీనికి పాలు సాలట్లేవు. డబ్బా తెప్పియ్యి."

ఆ తీర్పు మీద అప్పీలు చేసుకోవడానికే ఇవాళ మీ ముందుకొచ్చాను.

నేనూ ఈ పేట మనిషినే. పురిటి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇరుగుపొరుగు బాలింతలు పిలిస్తే ఇప్పటికీ వెళ్తుంటాను. వెళ్లిన చోట పాలున్నాయా లేవా అని అడగను. "నిన్న ఎన్ని గుడ్డలు తడిపింది?" అని అడుగుతాను. పుట్టి అయిదు రోజులు దాటిన బిడ్డ పగలూ రాత్రీ కలిపి 6 సార్లో అంతకంటే ఎక్కువో ఉచ్చ పోస్తుంటే, ఆ ఉచ్చ పచ్చగా చిక్కగా కాకుండా తేటగా ఉంటే, పాలు అందుతున్నట్టే. డైపర్ వేసే ఇళ్లలో ఈ లెక్క దొరకదు. ఒక్క రోజు డైపర్ పక్కన పెట్టి పాత చీర గుడ్డలు వాడండి, తేలిపోతుంది. రెండో సాక్ష్యం తూకం. పుట్టిన తొలిరోజుల్లో బరువు కాస్త తగ్గడం మామూలే. రెండు వారాల్లో పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. అక్కణ్నుంచి మొదటి మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. అంగన్‌వాడీలో తూకం వేయించి కార్డు మీద రాయించుకోండి. ఈ రెండు సాక్ష్యాలూ సరిగ్గా ఉన్నప్పుడు ఒక్క ఏడుపును పట్టుకొని తల్లిని బోనులో నిలబెట్టడం అన్యాయం.

మరి బిడ్డ ఎందుకేడుస్తుంది? ఈ ప్రశ్న వేసుకున్న డాక్టర్లలో అమెరికాకు చెందిన బ్రేజల్టన్ ఒకరు. 80 మంది ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల ఏడుపును తల్లుల చేత రోజూ రాయించి, 1962లో ఆ లెక్కలు ప్రచురించాడు. రెండో వారంలో బిడ్డ రోజు మొత్తం మీద గంటా ముప్పావు ఏడిస్తే, ఆరో వారానికి అది రెండు గంటల ముప్పావుకు పెరిగింది. పన్నెండో వారానికి గంట లోపుకు దిగింది. ఎక్కువ ఏడుపు సాయంత్రం పూటే. వీళ్లంతా జబ్బు లేని పిల్లలు, కడుపు నిండిన పిల్లలు. మన ఇళ్లలో దీన్ని సందెపూట దిష్టి అంటారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పేసి దిష్టి తీస్తారు. తీస్తే తీయండి, నాకేమీ అభ్యంతరం లేదు, ఆ మిరపకాయల పొగ మాత్రం బిడ్డ ఉన్న గదిలో వద్దు. సాంబ్రాణి పొగకూ ఇదే మాట.

ఆరో వారం దగ్గర ఇంకో చిక్కుంది. సరిగ్గా అప్పుడే బిడ్డకు తొడ మీద పెంటావాలెంట్ టీకా వేస్తారు. ఏడుపు తన పరాకాష్ఠకు చేరే వారమూ అదే. ఇంకేం, "సూది ఏసిన కాడ్నుంచే పొల్ల పాలు తాగుతలేదు" అని పేరు టీకా మీదికి పోతుంది. తొడ నొప్పి నిజమే, ఒకటి రెండు రోజులుంటుంది. ఆ తొడ తల్లి పొట్టకు ఒరుసుకునేలా పట్టుకుంటే బిడ్డ పాలు వదిలేసి ఏడుస్తుంది. పక్క మార్చి పట్టుకుంటే చాలు. తర్వాతి టీకాలు 10వ వారంలో, 14వ వారంలో ఉంటాయి. వాటిని మానొద్దు.

ఇక సాయంత్రం మాటిమాటికీ రొమ్ము అడగడం సంగతి. అరగంటకోసారి, పావుగంటకోసారి అడిగే పిల్లలున్నారు. తల్లి రొమ్ములు మెత్తగా ఉంటాయి, పొద్దున ఉన్న బిగువుండదు. దాంతో తల్లికే అనుమానం మొదలవుతుంది. తల్లిపాలు ఊటచెలమ లాంటివి. తోడితేనే ఊరతాయి, తోడకుంటే ఊట మందగిస్తుంది. బిడ్డ ఎన్నిసార్లు నోరు పెడితే ఒళ్లు అన్ని పాలు తయారు చేస్తుంది. సందెవేళ బిడ్డ పదేపదే చీకుతున్నదంటే రేపటి పాలకు ఆర్డరు పెడుతున్నదన్నమాట. ఆ వేళలో డబ్బా పాలు పడితే బిడ్డ బరువుగా నిద్రపోతుంది, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది, రొమ్ముకు మాత్రం ఆర్డరు అందదు. మర్నాడు పాలు నిజంగానే తగ్గుతాయి. అప్పుడు రెండు డబ్బాలు. నెల తిరిగేసరికి "నేను ముందే చెప్పలేదా" అనే అవకాశం అత్తగారికి దొరుకుతుంది. సీసా పెట్టగానే గటగటా తాగింది కాబట్టి ఆకలితోనే ఉందన్న వాదం కూడా నిలవదు. నోట్లోకి ధార పడుతుంటే పసిబిడ్డ మింగక ఏం చేస్తుంది?

మన రాష్ట్రంలో ఈ డబ్బా చాలా తొందరగా ఇంట్లోకి వస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. పుట్టిన గంటలో తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 37 మంది. కోతతో కాన్పయితే పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఆ సందులో ఎవరో ఒకరు డబ్బా మూత తీస్తారు. నిజానికి ఆ రోజుల్లో బిడ్డకు కావలసింది చెంచాల లెక్కన వచ్చే ముర్రుపాలు. మత్తు దిగి తల్లి మెలకువగా ఉంటే, పక్కన ఒక మనిషి ఆసరాగా ఉంటే, పడుకునే పాలివ్వొచ్చు.

పాలు తాగేటప్పుడు బిడ్డ ఏ నిమిషంలో పేచీ పెడుతుందో చూస్తే సగం కారణం తెలిసిపోతుంది. నోరు పెట్టీపెట్టగానే ఏడిస్తే పాలు ఇంకా చేపుకు రాలేదన్నమాట, అంటే రొమ్ములోంచి దిగడం మొదలుకాలేదు. ఇంట్లో బర్రెను సాకిన పెద్దవాళ్లకు చేపు గురించి నేను చెప్పనక్కర్లేదు. తల్లి కంగారులో ఉన్నా, నొప్పితో ఉన్నా, ఎవరో తలుపు దగ్గర నిలబడి తొందర పెడుతున్నా పాలు చేపవు. వీపు మీద నిమరండి, వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ రొమ్ము మీద రెండు నిమిషాలుంచండి, చేత్తో నాలుగు చుక్కలు పిండి బిడ్డ పెదాలకు తాకించండి. కాన్పయిన మూడో రోజు, నాలుగో రోజు రొమ్ము గడ్డకట్టినట్టు బిగుసుకుపోయినప్పుడు కూడా ఇదే ఉపాయం. బిగుసుకున్న రొమ్మును బిడ్డ నోటితో పట్టుకోలేదు. కొంచెం పిండి మెత్తబరిచి ఇవ్వాలి.

మొదట బాగానే తాగి, నిమిషం తిరక్కుండానే పొలమారి, దగ్గి, నోటి పక్కల నుంచి పాలు కార్చుకుంటూ వెనక్కి లాక్కుంటే కారణం తలకిందులు. పాలు తక్కువై కాదు, ధార జోరెక్కువై. ఈ తల్లిని కూడా పాలు లేనిదానికిందే జమకట్టడం నేను చూస్తూనే ఉన్నాను, భలే చిరాకేస్తుంది. ఈమె వెనక్కి వాలి కూర్చోవాలి. దిండ్లు పెట్టుకొని సగం పడుకున్నట్టు ఒరిగి, బిడ్డను పొట్ట మీద బోర్లా పడుకోబెట్టుకొని ఇస్తే ధార జోరు తగ్గుతుంది. మొదటి ధారను గుడ్డలోకి పోనిచ్చి, తర్వాత పట్టించినా సరే. అలా పాలు నిజంగానే మిగిలిపోయే తల్లులకు ఒక మాట. మనకు దగ్గర్లోనే, నాంపల్లి దాటితే రెడ్‌హిల్స్‌లో, నిలోఫర్ ఆసుపత్రి ఉంది. కాన్పులో ప్రాణం పోయిన తన పరిచారిక కోసం బాధపడి నిజాం కోడలు, రాకుమారి నిలోఫర్ తలపెట్టిన ఆసుపత్రి అది. అక్కడ 2017లో ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు పెట్టారు. నెలలు నిండకుండా పుట్టి, సొంత తల్లి పాలు అందని పిల్లలకు మీ పాలు మందు.

మధ్యలో ఆగి మెలికలు తిరిగితే భుజానికెత్తుకొని వీపు తట్టండి, త్రేన్పు రానివ్వండి. చివర్లో పేచీ పెడితే రెండో వైపుకు మార్చండి. ఒక్క వైపే వద్దంటూ రెండో వైపు హాయిగా తాగితే చెవిపోటేమో, మెడ పట్టిందేమో డాక్టరుకు చూపించండి. నోట్లో తెల్లటి పాచి తుడిచినా పోకపోతే అది పూత, దానికీ మందుంది. ముక్కు దిబ్బడ వేసినా పాలు తాగలేరు, ఎందుకంటే పసిపిల్లలు నోటితో కాదు, ముక్కుతోనే గాలి పీలుస్తారు. మందుల దుకాణంలో దొరికే ఉప్పునీటి చుక్కలు చెరో ముక్కులో వేసి కాసేపాగి పాలివ్వండి. స్నానం చేయించే ఆవిడ ముక్కులో నూనె చుక్క వేస్తానంటే వద్దనండి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా అవుతుంది.

పట్టు సరిగ్గా లేకపోతే ఏ ఉపాయమూ పనిచేయదు. బిడ్డ చనుమొనను మాత్రమే కాకుండా దాని చుట్టూ ఉన్న నల్లటి భాగంలో చాలావరకు నోట్లోకి తీసుకోవాలి. నోరు బాగా తెరుచుకొని, గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి. బిడ్డ మెడ ఒక్కటి తిప్పి తాగకూడదు, ఒళ్లంతా తల్లి వైపు తిరిగి ఉండాలి. నొప్పి పుడుతుంటే పట్టు తప్పినట్టే. చిటికెన వేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ పట్టించాలి. పళ్లు బిగించి ఓర్చుకోవడం గొప్పేమీ కాదు.

మన గౌలిగూడ ఇళ్ల గురించి ఒక్క సంగతి చెప్పాలి. ఒక గది, ఒక వంటిల్లు, అందులో ఏడెనిమిది మంది. మామగారు, మరిది, వచ్చీపోయే చుట్టాలు. కోడలు మూలకు తిరిగి, కొంగు బిడ్డ తల మీదుగా కప్పి, ఎవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూస్తూ పాలిస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఆ కొంగు కింద బిడ్డకు ఉక్కపోసి, చెమట పట్టి, ఊపిరాడక గింజుకుంటుంది. పెద్దవాళ్లం మనమే ఆ కొంగు కింద రెండు నిమిషాలు ఉండలేం. ఈ పేచీకి మందు డాక్టరు దగ్గర లేదు, ఇంటి మగవాళ్ల దగ్గరుంది. పాలిచ్చే అరగంట ఆ గది ఆమెకు వదిలేసి వాకిట్లో కూర్చోండి. టీవీ ఆపండి. హనుమాన్ జయంతి నాడు గౌలిగూడ రామమందిరం నుంచి ఊరేగింపు బయల్దేరి డీజే మోగుతుంటే ఏ పసిబిడ్డా కుదురుగా పాలు తాగదు. ఆ రోజుకు వెనక గదే దిక్కు. నాలుగో నెల దాటిన పిల్లలకైతే ఫ్యాను తిరిగినా వింతే, ఫోను మెరిసినా వింతే. రెండు గుటకలు, ఒక చూపు. అది పాల మీద విసుగు కాదు, లోకం మీద సరదా. దీపం తగ్గించిన గదిలో, నిద్రమత్తులో ఇస్తే బాగా తాగుతారు.

ఇంకొకటి, బిడ్డ గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగొద్దు. చేతులు నోట్లో పెట్టుకోవడం, పెదాలు చప్పరించడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం, ఇవే ఆకలి గుర్తులు. ఏడుపు ఆఖరి గుర్తు. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ తలను రొమ్ముకేసి అదిమితే రొమ్ము అంటేనే బెదిరిపోతుంది. ముందు ఎత్తుకొని నాలుగడుగులు వేయండి. చొక్కా తీసేసి తల్లి గుండె మీద ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టండి. ఊరుకున్నాక ఇవ్వండి.

పత్యం సంగతికొద్దాం. బిడ్డ ఏడిస్తే తల్లి విస్తట్లోంచి ఒక్కొక్కటే తీసేస్తారు. పప్పు వద్దు, వంకాయ వద్దు, పండ్లు వద్దు, నీళ్లు కూడా ఎక్కువ వద్దు. చివరికి కారం అన్నం, చారు మిగులుతాయి. నిజానికి ఆమెకు తిండి తగ్గకూడదు, పెరగాలి. 1958లో కూనూరు నుంచి మన నగరానికి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజూ మామూలు కంటే 600 కిలోకేలరీలు అదనంగా కావాలని ఆ సంస్థ లెక్క కట్టింది. అంటే ఇంకో పూట భోజనం అంత. ఆ సంస్థను నడిపించిన సి. గోపాలన్ పేద బాలింతల పాల మీద పరిశోధన చేసి, చాలీచాలని తిండి తినే తల్లులు కూడా చెప్పుకోదగ్గ పాలు ఇస్తున్నారని చూపించాడు. కాకపోతే అది ఆమె ఒంట్లోంచి తోడుకున్న పాలు. తెలంగాణ అంగన్‌వాడీల్లో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి పథకం కింద పాలిచ్చే తల్లులకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. వెళ్లి తినండి, మొహమాటం దేనికి? తల్లి తిన్న వంకాయ బిడ్డ కడుపులో గ్యాసు కాదు. ఇరానీ చాయ్ రెండు కప్పులకు భయం లేదు. ఆరో కప్పుకు మాత్రం బిడ్డ కూడా మేలుకునే ఉంటుంది. బిడ్డ దొడ్డికి నెత్తురు పడుతున్నా, ఒంటి మీద దద్దుర్లు తగ్గకపోయినా అప్పుడు డాక్టరే తల్లి తిండి గురించి చెప్పాలి, పక్కింటి వదిన కాదు.

బిడ్డ నోట్లోకి మాత్రం ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దు. డాక్టరు రాసిన చుక్కల మందులు వేరే సంగతి. ఘుట్టీ, వస, వాము నీళ్లు, గ్రైప్ వాటర్, తేనె, ఏదీ వద్దు. తేనె ఏడాది దాకా వద్దు, దాంతో నరాలను పడగొట్టే జబ్బు రావచ్చు. మే నెలలోనూ మంచినీళ్లు అక్కర్లేదు. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీరే. పాల డబ్బాలకు ప్రకటనలు ఇవ్వకూడదని, డబ్బా మీద పసిపిల్లల బొమ్మ వేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. అయినా డబ్బా పేరు మన ఇళ్లలో నోటి మాటగానే పాకిపోతోంది. నిజంగా పాలు చాలని తల్లులూ ఉంటారు. వాళ్లు తప్పేమీ చేయలేదు. అయితే ఆ మాట తూకం చూసి, పట్టు చూసి డాక్టరు చెప్పాలి.

కొన్ని ఏడుపులకు ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకూడదు. బిడ్డ పాలు పూర్తిగా మానేసినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, ఆకుపచ్చగా కక్కినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, మాడు ఉబ్బినా, ఫిట్స్ వచ్చినా, రోజంతా ఉచ్చ పోయకపోయినా వెంటనే ఆసుపత్రికి. 108కి ఫోన్ చేయండి. దిష్టి, మంత్రం, రేపు పొద్దున అన్న మాటలు అప్పుడొద్దు.

తల్లి సంగతి ఎవరడుగుతారు? రాత్రి మూడుసార్లు లేచి, సాయంత్రం మూడు గంటలు ఏడుపు విని, ఆపైన "పాలు లేనిదానివి" అన్న మాట పడ్డ మనిషికి ఒక్కోసారి ఆ బిడ్డ మీదే కోపమొస్తుంది. వస్తే ఆమె రాక్షసి కాదు. బిడ్డను ఎప్పుడూ కుదిపేయొద్దు, మెదడులో నెత్తురు కారుతుంది. చేతులు వణుకుతుంటే బిడ్డను మంచం మధ్యలో కాకుండా కింద చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, అయిదు నిమిషాలు వాకిట్లోకి రండి, ఎవరినైనా పిలవండి. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే, బతుకు మీద విరక్తి కలిగితే టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. అత్తమ్మలకు, అమ్మలకు నేను చెప్పేది ఒక్కటే. ఆ వేళలో బిడ్డను మీరు భుజానికెత్తుకోండి, కోడలికి పళ్లెంలో అన్నం పెట్టివ్వండి. పాల మాట ఎత్తకండి.

ఆఖరి విన్నపం మన సేట్లకు. గౌలిగూడలో, బేగంబజార్‌లో, ఉస్మాన్‌గంజ్‌లో గుమాస్తాలు, హమాలీలు ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది, పది. బిడ్డ ఎక్కువగా ఏడ్చే గంటలన్నీ తల్లి ఒంటరిగానే గడపాలి. మన చట్టం పనిచేసే తల్లికి బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు విరామాలు పాలివ్వడానికని రాసిపెట్టింది. అయితే పదిమందికి తక్కువ పనివాళ్లున్న దుకాణాల గడప ఆ చట్టం ఎక్కలేదు. తండ్రుల మాట అందులో లేనేలేదు. చట్టం వచ్చేదాకా ఆగొద్దు. మీ దుకాణంలో ఎవరింట్లోనైనా పురుడు జరిగితే, మొదటి మూడు నెలలు ఆ మనిషిని సాయంత్రం ఆరింటికే ఇంటికి పంపండి. జీతం కోయకుండా పంపండి.